బొమ్మ గీసినవాడూ, తోలు గీకినవాడూ

ఇంగ్లండ్‌లో వించెస్టర్ కెథడ్రల్‌ దగ్గర 12వ శతాబ్దపు బైబిలు ఒకటుంది. 1160 ప్రాంతంలో మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి పనిచేసి, చివరికి పూర్తి చేయకుండానే వదిలేశారు. అందులో బొమ్మలు వేసినవాళ్ళు ఎవరో ఎవరికీ తెలియదు. అయినా చరిత్రకారులు ఊరుకోలేదు. గీతల తీరు చూసి, ఈ చెయ్యి వేరు ఆ చెయ్యి వేరు అని తేల్చి, ఒక్కొక్కరికీ ఒక పేరు పెట్టారు. ఒకాయన ‘గెంతే బొమ్మల మాస్టర్’, ఇంకొకాయన ‘ఆదికాండపు అక్షరం మాస్టర్’. ముచ్చటగానే ఉంది. ఆ పుస్తకానికి పట్టిన దూడ చర్మాలు దాదాపు 250 అంటారు. వాటిని నానబెట్టి, గీకి, ఆరబెట్టినవాళ్ళకి మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

నా గొడవంతా ఇక్కడే. మధ్యయుగపు యూరప్‌లో చేత్తో రాసి, రంగులూ బంగారమూ పెట్టిన భక్తి పుస్తకాల గురించి ఎవరు మాట్లాడినా రెండు మాటల్లో నీలం రంగు దగ్గరికీ బంగారం దగ్గరికీ వచ్చేస్తారు. తర్వాత కొవ్వొత్తి వెలుగులో వంగి కూర్చున్న సన్యాసి వస్తాడు. ముగ్గు బాగుందనే వాళ్ళే గానీ అలికిన చెయ్యి ఎవరిదని అడిగేవాళ్ళు ఉండరు కదా, ఇదీ అంతే. ఈ పుస్తకాల్లో మనం చూసి నోరు తెరిచే గుణాలు చాలావరకు చిత్రకారుడు కుంచె పట్టకముందే తయారైపోయాయని నేనంటాను. వాటిని తయారుచేసిన పని కంపు కొట్టేది, చేతులు పగిలేది, పేరు రానిది. భక్తి అనేది ఎక్కడైనా ఉంటే ఆ పనిలోనూ ఉన్నట్టే.

ముందు తోలు సంగతి. చర్మాన్ని నీళ్ళలో బాగా కడిగి, సున్నపు నీళ్ళ తొట్టిలో వేస్తారు. ఎండాకాలం తక్కువ రోజులు, చలికాలం ఎక్కువ రోజులు. రోజూ కర్రతో కలియబెట్టాలి. వెంట్రుకల కుదుళ్ళు వదులయ్యాక దుంగ మీద పరిచి ఒకవైపు వెంట్రుకలూ రెండోవైపు మిగిలిన మాంసమూ గీకేస్తారు. మళ్ళీ కడగాలి. ఇంతవరకూ ఏ తోళ్ళ పనిలోనైనా జరిగేదే. అసలు విద్య ఆ తర్వాత, చర్మాన్ని చెక్క చట్రానికి బిగించడంలో ఉంది. మేకులు కొట్టరు. ఆరుతూ ముడుచుకునే చర్మం మేకు దగ్గర చిరుగుతుంది. అందుకని అంచు పొడుగునా అక్కడక్కడా ఒక చిన్న గులకరాయి పెట్టి, చర్మాన్ని దాని చుట్టూ మడిచి, తాడుతో ముడివేసి, ఆ తాడు రెండో కొసని చట్రానికున్న చెక్క చీలకి చుడతారు. చీల తిప్పితే బిగువు పెరుగుతుంది. చర్మం ఆరుతూ ఉంటుంది, చీలలు తిప్పుతూ ఉంటారు, చంద్రవంక ఆకారపు కత్తితో గీకుతూ ఉంటారు. కత్తికి ఆ వంపు ఊరికే రాలేదు. తిన్నని కత్తికి మూలలుంటాయి, అంత బిగువు మీద మూల తగిలిందంటే చర్మం తూట్లు పడుతుంది.

ఇలా తయారయ్యే రాత తోలునే పార్చ్‌మెంటు అంటారు. పదును చేసిన తోలుకీ దీనికీ తేడా ఈ బిగువులోనే ఉంది. చెప్పుల తోలుకి చెట్ల బెరడులోని వగరు పట్టించాలి. పార్చ్‌మెంటుకి అలాంటి మందేమీ అక్కర్లేదు. తడి చర్మంలో అడ్డదిడ్డంగా అల్లుకుని ఉండే నారలు బిగువు మీద ఆరేటప్పుడు పొరలు పొరలుగా, చదునుగా సర్దుకుంటాయి. మళ్ళీ తడిపి వదిలేస్తే అది పచ్చితోలు వైపే తిరిగి పోతుంది. అంటే ఆ తెలుపు, ఆ నునుపు, వెలుతురు కాస్త లోపలికి ఇంకినట్టుండే ఆ తీరు, అన్నీ చీల తిప్పిన చేతి అంచనా మీద ఆధారపడ్డాయి. కొంచెం ఎక్కువ తిప్పితే చిరుగు. తక్కువైతే అట్టలా మొద్దుబారిన చర్మం. ఎప్పుడో ఈగ కుట్టిన గాటో, కత్తి తగిలిన గీతో ఉంటే అది బిగువు మీద సాగి గుండ్రని కన్నం అవుతుంది. అలాంటి కన్నాలున్న పుటలు ఇప్పటికీ బోలెడు కనిపిస్తాయి. రాయసగాడు కన్నం చుట్టూ తిరిగి అక్షరాలు రాసుకుంటూ పోయాడు. పారేసేంత చవక సరుకు కాదది.

మన పాఠకుల్లో కొందరికి ఈ పాటికే మనసు చివుక్కుమని ఉంటుంది. దేవుడి మాటలు దూడ తోలు మీదా? యూరప్‌లో దూడ మాంసం ఎలాగూ తినేవాళ్ళు, పాడి పశువుల మందలో మగదూడల్ని ఎక్కువకాలం మేపేవాళ్ళు కారు, కాబట్టి పుస్తకం కోసమే చంపారన్నది పూర్తి నిజం కాదు. అది అలా ఉంచి, తోలుకీ దైవానికీ చుక్కెదురు అన్న మాట మన దగ్గర మాత్రం నిలుస్తుందా? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు మేకతోలుని గీకి, ఆరబెట్టి, దీపం వెలుగు అవతలికి కనిపించేంత పల్చన చేస్తాయి. దాని మీద రాముడూ సీతా హనుమంతుడూ. అదీ పదును పెట్టని తోలే. పార్చ్‌మెంటుకి దగ్గరి చుట్టం. తెర మీద రాముడు కనిపిస్తే దండం పెట్టిన ఊళ్ళే తోలు పని చేసేవాళ్ళని వెలివాడలో ఉంచాయి. పని కావాలి, పనివాడు దూరంగా ఉండాలి అన్న బుద్ధి మనకి బాగా తెలిసిందే. ఆ బుద్ధితోనే ఈ పుస్తకాలని కూడా చూస్తున్నాం కాబోలు అని నాకు అనుమానం.

తోలు ఎంత పెద్ద ఖర్చో చెప్పడానికి ఒక్క పుస్తకం చాలు. ఇంగ్లండ్ ఈశాన్యంలో వేర్‌మత్, జారో అనే జంట మఠాల్లో 8వ శతాబ్దం మొదట్లో మూడు పెద్ద బైబిలు ప్రతులు తయారుచేశారు. మఠాధిపతి చెయోల్‌ఫ్రిత్ వాటిలో ఒకదాన్ని రోములోని సెయింట్ పీటర్ సన్నిధికి కానుకగా ఇద్దామని 716లో బయలుదేరి, దారిలోనే ఫ్రాన్సులో లాంగ్ర్ అనే ఊళ్ళో చనిపోయాడు. పుస్తకం మాత్రం ఇటలీ చేరింది. ఇప్పుడు ఫ్లోరెన్సులో ఉంది. వెయ్యికి పైగా పత్రాలు, 500కి పైగా చర్మాలు, 30 కిలోలు దాటిన బరువు. తర్వాతెప్పుడో అంకితం పుటలో చెయోల్‌ఫ్రిత్ పేరు గీకేసి, ఆ చోట ఇటలీవాడి పేరు రాశారు. వందల ఏళ్ళు అందరూ దాన్ని ఇటలీ పనే అనుకున్నారు. 19వ శతాబ్దం చివర్లో గానీ అసలు పేరు బయటపడలేదు. తోలు మీద గీకితే అక్షరం పోతుంది, గీకిన జాడ పోదు.

ఇంకో ఉదాహరణ దీనికన్నా విడ్డూరం. 10వ శతాబ్దంలో ఆర్కిమెడిస్ గణితాన్ని గ్రీకులో రాసుకున్న పార్చ్‌మెంటు పుస్తకాన్ని 1229లో ఒక పూజారి విప్పేసి, అక్షరాలు గీకి, పత్రాల్ని అడ్డంగా తిప్పి మడిచి, ప్రార్థనల పుస్తకం చేసుకున్నాడు. ఇప్పుడు ఆయన్ని తిట్టేవాళ్ళే ఎక్కువ. నాకైతే ఆయన మీద కోపం రాదు. మంచి తోలు దొరకడం కష్టం, ప్రార్థన రోజూ కావాలి. పైగా ఆయన పుస్తకం చేసుకోకపోతే ఆ పత్రాలు ఏ గతి పట్టేవో. 1998లో అది వేలంలో 20 లక్షల డాలర్లు పలికింది.

సిరా గురించి ఎక్కువ చెప్పను. మాచికాయలు, అన్నభేది, తుమ్మబంక: మూడూ మన పచారీ కొట్టు సరుకులే. మాచికాయ వగరు అన్నభేదిలోని ఇనుముతో కలిస్తే నలుపు వస్తుంది. రాసేటప్పుడు పలచగా ఉండి, గాలి తగిలాక ముదురుతుంది. చర్మంలోకి కరిచి పట్టుకుంటుంది కాబట్టి తప్పు రాస్తే తుడవడం కుదరదు, కత్తితో గీకాల్సిందే. అందుకే ఆనాటి బొమ్మల్లో రాయసగాడి కుడిచేతిలో బాతు ఈక కలం ఉంటే, ఎడమచేతిలో చిన్న కత్తి ఉంటుంది.

బంగారం దగ్గర మాత్రం ఆగాలి. అందరూ పొగిడేదీ అదే, అందరూ తప్పుగా పొగిడేదీ అదే. పుట మీద మెరిసేది చాలా తక్కువ బంగారం. ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని 1400 ప్రాంతంలో రాసిన పనిపుస్తకంలో ఒక ఫిర్యాదు చేస్తాడు: డుకాటు అనే ఒక బంగారు నాణేన్ని సాగగొట్టి 145 రేకులు తీస్తున్నారు, 100కి మించి తీయకూడదు అని. పల్చని రేకు పరిస్తే కింద ఏముందో అదే కనిపిస్తుందని ఆయన బాధ. మరి కింద ఏముంది? జెస్సో అనే పూత ఉంది. చాలాసార్లు నీళ్ళు మార్చి మెత్తబరచిన జిప్సం, అందులో కొంచెం సీసపు సఫేదా, కొంచెం పంచదార, రంగు కోసం ఎర్రమట్టి. కోడిగుడ్డు తెల్లసొనతో కలిపి, బంగారం పడాల్సిన చోట బొట్టు బొట్టుగా పెట్టి, ఉబ్బెత్తుగా ఆరనిస్తారు. పంచదార గాలిలోని తేమని పీల్చుకుని పూతని పూర్తిగా ఎండిపోనివ్వదు. దాని మీద నోటితో ఊదితే ఊపిరిలోని తడికి పూత జిగురు తేలుతుంది. ఆ క్షణంలో రేకు పెట్టాలి. తర్వాత పంటితో రుద్దాలి. నిజంగా పంటితోనే. చెన్నీని కుక్క, సింహం, తోడేలు, పిల్లి, చిరుతపులి అని జాబితా ఇచ్చి, మర్యాదగా మాంసం తినే ఏ జంతువు పన్నయినా పనికొస్తుందంటాడు. ఆ ‘మర్యాదగా’ అన్న మాట నాకు భలే నచ్చింది.

ఒక శిక్షణ తరగతిలో నేనూ ఊది చూశాను. ఊపిరి పొట్టలోంచి రావాలి, వెచ్చగా రావాలి, గొట్టంలోంచి పోవాలి. ముక్కుతో వదిలిన గాలి తగిలినా రేకు లేచి చెయ్యి చుట్టూ ముడుచుకుంటుంది. అంతా అయ్యాక వచ్చిన మెరుపు చూస్తే బంగారానికి దక్కాల్సిన మెచ్చుకోలు ఎంతో నాకు తెలిసొచ్చింది. బల్లపరుపు మీద రేకు పరిస్తే వెలుతురు ఒక్క కోణంలోనే తగులుతుంది, మిగతా కోణాల్లో మట్టిరంగే. కింద ఉబ్బెత్తు ఉంటే పుట ఎటు తిరిగినా ఆ వంపులో ఎక్కడో ఒకచోట దీపం పట్టుకుంటుంది. పుస్తకం చేతిలో కదులుతుంటే మెరుపు కదులుతుంది. అది పంచదార, జిప్సం, ఊపిరి కలిసి చేసిన పని. బంగారం దానికి తొడుగు.

ఇంకో సంగతి. బంగారం ముందు, రంగు తర్వాత. రంగు వేశాక రేకు పెడితే అంటకూడని చోటల్లా అంటుకుంటుంది, పంటితో రుద్దినప్పుడు రంగు చెడుతుంది. వించెస్టర్ బైబిలు సగంలో ఆగింది కాబట్టి మనకి ఇది కళ్ళారా కనిపిస్తుంది. కొన్ని పుటల్లో ఉత్త గీతలు, కొన్నిటిలో గీతలూ బంగారమూ, ఇంకా రంగు లేదు. పూర్తయిన పుస్తకాల కన్నా ఇలాంటివే నాకు ఇష్టం.

ఇక ఆ ప్రఖ్యాత నీలం. ఆఫ్ఘనిస్థాన్‌లో బదక్షాన్ కొండల్లోని సర్-ఎ-సంగ్ గనుల నుంచి లాపిస్ లజులీ రాయి యూరప్ దాకా వెళ్ళేది. దాన్ని ఊరికే నూరితే బూడిదరంగు పొడి వస్తుంది, ఎందుకంటే నీలంతో పాటు సున్నపురాయీ ఇంకేవేవో ఖనిజాలూ కలిసి ఉంటాయి. పైన్ చెట్టు బంకా, మస్తకి అనే ఇంకో బంకా, మైనమూ కరిగించి, ఆ ముద్దలో పొడి కలిపి, రోజుల తరబడి పిసికి, చివరికి బూడిద నీళ్ళలో పిండితే నీలం కిందికి దిగుతుంది. మొదటి పిండుడులో వచ్చేది మేలిరకం. ఈ పని ఎవరు చేసేవాళ్ళు? చెన్నీనియే చెప్తాడు: ఇది మగవాళ్ళ కన్నా అందమైన అమ్మాయిలకి తగిన పని, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు, చేతులు మెత్తన, ముసలమ్మలతో మాత్రం జాగ్రత్త అని. వెటకారమో నిజమో గానీ, మహాచిత్రకారుల నీలం వెనక మైనపు ముద్ద పిసికిన ఆడపిల్లల చేతులున్నాయని ఆయన నోటే వచ్చింది.

దీనికి రుజువు కూడా దొరికింది. జర్మనీలో డాల్‌హైమ్ అనే చోట ఒకప్పుడు సన్యాసినుల మఠం ఉండేది. అక్కడి శ్మశానంలో పాతిపెట్టిన ఒక స్త్రీ, 11-12 శతాబ్దాల కాలపు మనిషి, చనిపోయేనాటికి వయసు 45-60 మధ్య. ఆమె పళ్ళ గారలో నీలపు నలుసులు కనిపించాయి. పరీక్షిస్తే లాపిస్. 2019లో ఆ వివరాలు వెలువడ్డాయి. కుంచె కొసని నోట్లో పెట్టి సన్నం చేసుకుంటూ బొమ్మలు వేసి ఉండవచ్చు, లేదా ఆ పొడిని నూరి ఉండవచ్చు. మఠం కాలిపోయింది, అక్కడి పుస్తకాలేవీ మిగల్లేదు. పళ్ళు మిగిలాయి. వార్తలన్నీ ఆమెని ‘చిత్రకారిణి’గానే ప్రకటించాయి. నూరిన మనిషి అయితే తక్కువా? అన్నది నా ప్రశ్న.

మిగతా రంగుల్లో కొన్ని ప్రాణం తీసేవి. పాదరసంతో ఇంగిలీకం, ఆర్సెనిక్‌తో పసుపుపచ్చని హరిదళం, సీసంతో సఫేదా, సింధూరం. రాగిరేకుల్ని పులిసిన ద్రాక్షసారా ఆవిరికి పెట్టి తీసిన చిలుము ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ కొన్ని పుస్తకాల్లో చర్మాన్నే తినేసి అవతలి పుటలోకి దిగిపోయింది. మన దేశం నుంచి వెళ్ళినవీ ఉన్నాయి. లక్క ఎరుపు, నీలిమందు. కొల్లంలో నీలిమందు ఎలా తీస్తారో మార్కోపోలో రాసుకున్నాడు.

ఇక్కడ నా వాదనకి గట్టి ఊతం ఒకటుంది. లిండిస్‌ఫార్న్ సువార్తల పుస్తకం, 700 ప్రాంతంలో ఉత్తర ఇంగ్లండ్ తీరంలోని చిన్న దీవిలో బిషప్ ఏడ్‌ఫ్రిత్ చేసింది. అందులో నీలం లాపిస్ అనే చాలాకాలం నమ్మారు. లేజర్ వెలుగుతో పరీక్షిస్తే అది చెట్ల ఆకుల నుంచి తీసిన నీలి అని తేలింది. బంగారం వెతుక్కుంటే దొరికేది చుక్కలంత. ఐర్లండ్‌లో డబ్లిన్‌లో ఉన్న ‘కెల్స్ పుస్తకం’ అనే ఇంకో సువార్తల ప్రతిలో అదీ లేదు, పసుపు మెరుపంతా హరిదళానిదే. ఆఫ్ఘన్ రాయి లేకపోయినా, బంగారం లేకపోయినా ఈ రెండూ ఆ కాలపు పుస్తకాల్లో శిఖరాలు. దూడ తోలు లేకుండా మాత్రం రెండూ లేవు.

అభ్యంతరం నాకు తెలుసు. లింబూర్గ్ సోదరులు ముగ్గురు ఫ్రాన్సులో బెర్రీ ప్రభువు కోసం వేసిన ప్రార్థన పుస్తకం చూసి ఎవరైనా ‘అంతా తోలు మహిమ’ అంటే నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మంచుకాలపు పల్లెలో పొయ్యి దగ్గర కాళ్ళు కాచుకునే మనుషుల్ని అరచేతి మేర జాగాలో బతికించడం ప్రతిభే, అందులో వాదం లేదు. 1416లో ప్రభువూ చనిపోయాడు, అన్నదమ్ములు ముగ్గురూ చనిపోయారు, బొమ్మలు ఆగిపోయాయి, 1480లలో ఇంకొకాయన వచ్చి పూరించాడు. 70 ఏళ్ళ తర్వాత వచ్చిన చిత్రకారుడు ఆ పుటల మీదే పని సాగించగలిగాడంటే ఆ పుటలు అలా నిలిచి ఉన్నాయి కాబట్టే కదా. అంత సన్నని కుంచె గీత కూడా చర్మం నునుపుగా ఉంటేనే నిలబడుతుంది. ప్రతిభ ఉన్నవాడికి ఈ సంగతి తెలుసు. ఆనాటి పారిస్ పండితులకీ తెలుసు. సెయింట్ డెనీ దగ్గర ఏటా జరిగే లాందీ సంతకి విశ్వవిద్యాలయం అధిపతి అయిన రెక్టరు స్వయంగా వెళ్ళేవాడు, సంతకొచ్చిన పార్చ్‌మెంటులో మొదటి ఎంపిక ఆయనదే. మనకే తెలియకుండా పోయింది.

‘వాళ్ళు డబ్బుల కోసం చేశారు, అందులో భక్తేముంది’ అని ఇంకో మాట వస్తుంది. 13వ శతాబ్దం తర్వాత చిత్రకారులూ డబ్బుల కోసమే చేశారు. ప్రార్థన పుస్తకాలు మఠాలు దాటి ఊళ్ళలో దుకాణాల్లోకి వచ్చేశాయి. పారిస్‌లో భర్త రాస్తే భార్య బొమ్మలు వేసే కుటుంబాలు ఉండేవి. జాన్ ద మాంబాస్తాన్ అనే ఆవిడ భర్త పోయాక 1353లో తన పేరు మీదే విశ్వవిద్యాలయం ముందు ప్రమాణం చేసి వ్యాపారం నడిపింది. కూలి తీసుకున్నందుకు ఆవిడ గీతలో భక్తి తగ్గిందని ఎవరూ అనరు. ఆ మినహాయింపు తోలు గీకినవాడికి మాత్రం ఎందుకివ్వం?

తోలుని లెక్కచేయకపోతే ఏమవుతుందో చూపించే పుస్తకం న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలో ఉంది. 1470 ప్రాంతంలో ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్‌లో చేశారు. పుటలన్నీ నలుపు, అక్షరాలు వెండి, బంగారం. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన బర్గండీ ప్రభువుల కొలువులో నలుపు గొప్పింటి ఫ్యాషన్, ఆ ఫ్యాషన్ ప్రార్థన పుస్తకం దాకా వచ్చింది. ఫొటోలో చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ ఆ నలుపు తెప్పించింది సిరాలో ఉండే ఇనుమూ వగరే. అక్షరం మేర కరిచే మందుని పుట మొత్తానికి పట్టించారు. అది ఇప్పుడు చర్మాన్ని తినేస్తోంది. పక్కనే తెల్లగా, మామూలుగా వదిలేసిన వేలాది ప్రార్థన పుస్తకాలు ఐదారు వందల ఏళ్ళ తర్వాత కూడా చేతిలోకి తీసుకుని తిప్పగలిగేలా ఉన్నాయి.

ఇంటర్నెట్‌లో ఈ పుస్తకాలన్నీ ఉచితంగా చూడగలగడం అదృష్టమే. కాదనను. కానీ స్కానింగ్‌లో వెలుతురు అన్నివైపుల నుంచీ సమంగా పడుతుంది. ఉబ్బెత్తు పోతుంది, బంగారం ఆవపిండి రంగులోకి మారుతుంది, వెంట్రుకల వైపు ఏదో మాంసం వైపు ఏదో తెలియదు. మిగిలేది బొమ్మ ఒక్కటే. తెరమీద చూసి పెరిగినవాళ్ళకి ఈ పుస్తకాలు బొమ్మల పుస్తకాల్లా అనిపించడంలో వింతేమీ లేదు.

ప్రయోగశాలల్లో గాలి కొంచెం మారింది. 13వ శతాబ్దపు జేబు బైబిళ్ళ పుటలు ఉల్లిపొరంత పల్చగా ఉంటాయి. అవి పుట్టని దూడల చర్మాలని చాలామంది నమ్మేవారు. యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పుటల్ని మామూలు రబ్బరుతో మెల్లగా తుడిచి, రాలిన పొట్టులో అంటుకున్న ప్రోటీన్లు పరీక్షించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. దూడ, మేక, గొర్రె, మూడూ ఉన్నాయి. పుట్టని పిల్లలే అక్కర్లేదు, ఏ జంతువు చర్మాన్నయినా అంత పల్చన చేయగల చెయ్యి ఉంటే చాలు.

లండన్‌కో డబ్లిన్‌కో వెళ్ళినవాళ్ళు ఈ పుస్తకాలు చూస్తే ఒక పని చేయండి. అద్దాల పెట్టెకి ఎదురుగా నిలబడకుండా పక్కకి జరిగి, మోకాళ్ళు కొంచెం వంచి, పుట మీదికి వాలుగా చూడండి. బంగారం కింద గుట్ట కనిపిస్తుంది. తెల్లని జాగాలో సన్నని చుక్కలు కనిపిస్తే అవి వెంట్రుకల కుదుళ్ళు. అంచులో కోడిగుడ్డు ఆకారపు కన్నం ఉంటే అక్కడ ఈగ కుట్టిందో కత్తి జారిందో అన్నమాట. పెట్టె కింద చీటీ చదవండి. చిత్రకారుడి పేరో ముద్దుపేరో ఉంటుంది, రాయించుకున్న ప్రభువు పేరు ఉంటుంది, చివర ‘వెల్లం మీద రంగులు, బంగారం’ అని ఉంటుంది. వెల్లం అంటే ఈ తోలే. ఆ మాట పక్కన ఇంకో వాక్యం పట్టేంత జాగా చీటీలో ఎప్పుడూ ఉంటుంది.